దున్నేవాడి పేరు ఎక్కడ రాస్తారు?

డబ్బులు పడ్డాయని మెసేజ్ వచ్చేది ఏ సిటీలోనో ఉన్న పట్టాదారు ఫోన్‌కి, ఆ టైమ్‌కి ఆ మడిలో మోకాళ్ల లోతు బురదలో నిలబడి నాట్లు వేయించేది మాత్రం కౌలుకి తీసుకున్న మనిషి. తెలంగాణలో పెట్టుబడి సాయం 2018 మేలో రైతుబంధు పేరుతో ఎకరాకి పంటకి 4 వేలతో మొదలైంది, తర్వాత 5 వేలు చేశారు, 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో 6 వేలకి పెంచారు, ప్రభుత్వం మారింది, స్కీమ్ పేరు మారింది, కానీ పట్టా ఎవరి పేర ఉంటే వాళ్ల ఖాతాలోకే డబ్బు పోవడం మాత్రం మారలేదు. కౌలు రైతులకి కూడా ఏడాదికి ఎకరాకి 15 వేలు ఇస్తామని ఎన్నికల ముందు చెప్పింది ఇప్పటి అధికార పార్టీయే.

ఈ సాయం వద్దని మేం అనడం లేదు. సీజన్ మొదట్లో చేతిలో నాలుగు డబ్బులుంటే ఎరువుల షాపులో అప్పు రాయించుకునే పని తప్పుతుంది, రెండెకరాల రైతుకి అదెంత ఊరటో మాకు తెలుసు. కానీ రైతుబంధులో ఎకరాలకి పరిమితే పెట్టలేదు, అంటే ఎకరాకి ఏడాదికి 10 వేలు ఉన్నప్పుడు 50 ఎకరాల ఆసామికి 5 లక్షలు, ఎకరం ఉన్నాయనకి 10 వేలు, అదే ఎకరాన్ని కౌలుకి చేసేవాడికి ఏమీ లేదు. పైగా కౌలు ముందే కట్టాలి, బ్యాంకు లోన్ ఇవ్వదు కాబట్టి బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలి, వడగళ్లు పడి పంట పోతే ఆ నష్టం కూడా ఆయనదే. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ 6 వేలు కూడా భూమి పేరున ఉన్న కుటుంబాలకే. 5 లక్షల రైతు బీమా అయితే ఇంకా బాధ, ఇంటాయన పోయిన కౌలు కుటుంబంలో ఆడమనిషి పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసుకి పోతే మొదట అడిగేది పాస్‌బుక్ ఏదమ్మా అని, ఆమె దగ్గర ఉండేది షాపు వాళ్లు రాసిచ్చిన అప్పు చీటీలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో 11 నెలల సాగు హక్కు కార్డు తెచ్చారు, మంచి ఆలోచనే, కానీ దానికి ఓనర్ సంతకం పెట్టాలన్నారు, అక్కడే బండి ఆగిపోయింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఓనర్ల భయం, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకి హక్కులొచ్చిన సంగతి తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు కాబట్టి ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. అందుకే కార్డుకీ భూమి హక్కుకీ సంబంధం లేదని చట్టంలో రాస్తే సరిపోదు, ఊరూరా గ్రామసభలో చదివి వినిపించాలి.

ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో కనుక్కోవడం కష్టమంటే మేం ఒప్పుకోం. ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ప్రతి సీజన్‌లో ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, పొలాలు తిరిగి ఏ సర్వే నంబర్లో పత్తి, ఏ నంబర్లో వరి అని రాసుకుంటూనే ఉన్నారు, ఆ గట్టు మీదే నిలబడి పంట వేసిందెవరో ఇంకో పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, భూమి ఎవరి సాగులో ఉందో రాసే అనుభవదారు కాలమ్ ఉండేది, దాన్ని తీసేసి పట్టాదారు ఒక్కడినే మిగిల్చింది ప్రభుత్వమే.

తెలంగాణలో దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు కూడా. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన భూ అధీకృత సాగుదారుల చట్టం ఉంది, దాని కింద కౌలు రైతులకి రుణ అర్హత కార్డులు ఇచ్చారు కూడా. వచ్చే వానాకాలం దుక్కులు మొదలయ్యేలోపు ఆ కార్డులు మళ్లీ ఇవ్వాలి, రైతు బీమా వాటికే ముందు వర్తింపజేయాలి.