భీమిలి: ఆదివారం నగరానిది, మిగతా వారం ఎవరిది?

ఆదివారం సాయంత్రం భీమిలి బీచ్ రోడ్డులో కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. సోమవారం పొద్దున్న అదే రోడ్డు పక్కన నెత్తళ్లు ఆరబోసుకోవడానికి చోటు దొరకదు. రాత్రి వదిలేసి వెళ్లిన సీసాలు, పేపర్ ప్లేట్లు ఏరితే గానీ ఇసుక కనిపించదు. పగిలిన సీసా పెంకు కాలికి గుచ్చుకునేది ఎవరికో చెప్పనక్కర్లేదు. భీమిలి గురించి మన పేపర్లలో, ప్రభుత్వ ప్రకటనల్లో వచ్చేదంతా ఆ ఆదివారం ముచ్చటే. మిగిలిన ఆరు రోజుల ఊరు గురించి రాసేవాళ్లు తక్కువ, ఆలోచించేవాళ్లు ఇంకా తక్కువ.

విశాఖపట్నానికి ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తని నది సముద్రంలో కలిసేచోట ఉంది భీమునిపట్నం, అందరి నోటా భీమిలి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి, దీపస్తంభమూ ఉంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది, దేశంలోని తొలితరం పురపాలికల్లో ఒకటి. అలాంటి ఊరిని 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు. అప్పటికే కార్పొరేషన్‌కు పాలకమండలి లేదు. 2007లో ఎన్నికైనవాళ్ల గడువు 2012లో ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. అంటే సొంత మున్సిపాలిటీ పోయాక దాదాపు ఎనిమిదేళ్లు వీధి దీపం వెలగకపోయినా, కుళాయి రాకపోయినా అడగడానికి ఈ ఊరికి వార్డు మెంబరు కూడా లేడు. విలీనం వల్ల నిధులొస్తాయని అప్పట్లో చెప్పారు. కొన్ని వచ్చాయి కూడా. కానీ ఆ డబ్బుతో ఏం చేయాలన్న నిర్ణయం పాతిక కిలోమీటర్ల అవతలికి వెళ్లిపోయింది. అక్కడ కూర్చుని చూసేవాళ్లకు భీమిలి అంటే బీచే.

ఇక్కడి రోజు మాత్రం వేరేలా మొదలవుతుంది. తెల్లవారుజామున ఫైబర్ బోట్లు ఒడ్డుకొస్తాయి. అలలు దాటించి బోటును ఇసుక మీదకి లాగడానికి పదిమంది చెయ్యేయాలి. వల విదిలించి చేపల్ని పట్టా మీద పోయగానే ఆడవాళ్లు చుట్టూ మూగుతారు. తూకం ఉండదు, వేలం పాటే. కానాగంతలో కవ్వళ్లో కుప్పగా పోస్తే కంటితోనే లెక్క కట్టి పాడాలి. రెండొందలు ఎక్కువ పాడితే ఆ రోజు కూలి పోయినట్టే. వంజరం, చందువా పడితే అవి ఐసు పెట్టెల్లోకెక్కి నగరానికి వెళ్లిపోతాయి, ఊళ్లో కూరకు మిగిలేవి చిన్న చేపలే. గంట తిరిగేసరికి ఒడ్డున కాకులు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. పర్యాటకులు నిద్రలేచి వచ్చేసరికే ఊరి అసలు వ్యాపారం ముగిసిపోతుంది. బహుశా అందుకేనేమో, ఆ వ్యాపారం ఒకటుందనే గుర్తుండదు.

అమ్ముడుపోనివి, చిన్నవి ఎండుచేపలవుతాయి. ఇసుక మీద ఆరబోస్తే ఇసుక అంటుతుంది. ఇసుక అంటిన చేపకు సంతలో ధర సగం పలికినా గొప్పే. కాస్త ఎత్తుగా కట్టిన సిమెంటు గచ్చు, పైన కట్టిన వల, పక్కన ఒక మంచినీళ్ల కుళాయి ఉంటే ధర మారిపోతుంది. సెల్ఫీ పాయింట్లకు, రంగురంగుల అక్షరాల బోర్డులకు అయ్యే ఖర్చు ముందు ఇదెంత? అయినా ఎండుచేపల వాసన పర్యాటకానికి అడ్డు అనేవాళ్లున్నారు. మూడు వందల ఏళ్ల సమాధులు వారసత్వమైనప్పుడు, అంతకంటే పాతదైన ఈ పని ఎందుకు కాదో వాళ్లే చెప్పాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి దాన్ని తప్పుపట్టేవాళ్లు జాలర్లలోనూ తక్కువే. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది కానీ, ఇప్పుడు తెడ్డు వేసుకుని వెళ్లేవాళ్లెంతమంది? ఆ రోజులకిచ్చే, ఒకప్పుడు పదివేలున్న భృతిని 2025లో ఇరవై వేలు చేశారు. మంచిదే. ఆ డబ్బు వేటకు వెళ్లేవాళ్లకు. పాట పాడి, గంప నెత్తినెత్తుకుని, వీధి వీధీ తిరిగి అమ్మే ఆడమనిషికి కూడా అవి పని లేని రెండు నెలలే. ఆ రెండు నెలల్లో అప్పు తెచ్చేది, బడి ఫీజు సర్దేది మాత్రం ఎక్కువగా ఆవిడే.

ఉప్పు గాలి సంగతి ఇక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. గేటుకు రంగు వేసిన ఏడాదికే తుప్పు లేస్తుంది, సీలింగ్ ఫ్యాను రెక్కలు పొడలు కడతాయి. సముద్రం కనపడే ఇల్లు కావాలని నగరం నుంచి వచ్చి కొనుక్కునేవాళ్లకు బ్రోకరు ఈ మాట చెప్పడు.

అసలు పోటీ అంతా ఇప్పుడు నేల కోసమే. భోగాపురం విమానాశ్రయం ఇక్కడికి దగ్గర, దాన్ని కలిపే తీర రహదారి గురించిన మాటలు ఏళ్లుగా నడుస్తున్నాయి. దాంతో సముద్రం వైపున్న ప్రతి సెంటుకీ రెక్కలొచ్చాయి. తీర నియంత్రణ నిబంధనలున్నా ఒడ్డు మీదే కాంక్రీటు గోడ లేచింది. దాన్ని కూల్చడానికి హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. విశాఖ నుంచి వచ్చే దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2024లో వాటి పక్కనే లేఅవుట్ కోసం యంత్రాలు దిగితే జనం గోల చేశాక గానీ ఆగలేదు. పెద్దవాళ్లు కట్టుకున్న గోడ కూల్చడానికి కోర్టులు, వాయిదాలు, ఏళ్లు కావాలి. వలలు దాచుకునే తాటాకు పాక తీయించడానికి ఒక పూట చాలు.

పర్యాటకం వల్ల ఊరికేమీ రాదనడం అబద్ధం. మురీ మిక్చర్ బండి, మొక్కజొన్న పొత్తులు, బజ్జీల కొట్టు, ఆటోలు, వీటి మీద బతికే ఇళ్లు చాలానే ఉన్నాయి. జాలరి ఇంట్లో పుట్టి సముద్రం మీదకు వెళ్లనన్న కుర్రాడికి రిసార్టులో ఉద్యోగం దొరికితే తల్లిదండ్రులూ సంతోషిస్తున్నారు. అలలతో పోట్లాడిన వాళ్లకే తెలుసు ఆ పని ఎంత కష్టమో. కాబట్టి అందరూ వలలే పట్టుకోవాలని పట్టణాల్లో కూర్చుని కోరుకోవడం కూడా ఒకరకం పర్యాటకమే. నా అభ్యంతరం ఒక్కటే. శని, ఆదివారాల్లో వచ్చేవాళ్ల కోసం రోడ్డు, లైట్లు, పార్కింగ్ ముందు ప్లాను చేసి, రోజూ ఉండేవాళ్ల అవసరాన్ని మిగిలిన చోట ఇరికించడం తిరగేసిన పద్ధతి.

పెద్ద కోరికలేమీ కాదు. బోట్లు లాగేచోట, చేపలు ఆరబెట్టేచోట హద్దురాళ్లు వేసి, తీర ప్రణాళిక పటాల్లో వాటిని జాలర్ల వాడకపు స్థలాలుగా ఎక్కించాలి. గచ్చులు, కుళాయి, ఐసు దొరికే చోటు కావాలి. ఆదివారం రాత్రి పారిశుద్ధ్య సిబ్బందిని దింపి, సోమవారం వేట తిరిగొచ్చేలోపు ఒడ్డు శుభ్రం చేయించాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. చేపలమ్మే ఆవిడకు టికెట్ డబ్బులు మిగలాలంటే పాట అయ్యే వేళకు నగరానికి బయల్దేరే బస్సు ఉండాలి, వెనక రెండు సీట్లు తీసేసి తడి గంప పెట్టుకునే చోటివ్వాలి. లేకపోతే ఆమె ఎప్పటిలాగే షేర్ ఆటోకి డబ్బులిచ్చుకుని వెళ్తుంది.