బోర్డు లేకపోతే స్పీడొస్తుందా?
వాయిస్ ఆఫ్ అమెరికా లాంటి, అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడిచే వార్తా సంస్థలకి బోర్డు కంటే ఒక్క సీఈఓ ఉంటేనే పనులు చకచకా అవుతాయని ఎవరో రాశారు, నాకైతే మింగుడుపడట్లేదు. పాత బోర్డులో రెండు పార్టీల వాళ్లూ ఉండేవాళ్లు, నత్తనడక నిజమే, కానీ ఒకళ్లు అడ్డంగా పోతే ఇంకొకళ్లు ఆపేవాళ్లు కదా. 2016 చివర్లో చట్టం మార్చి పెత్తనం అంతా ప్రెసిడెంట్ పెట్టే సీఈఓకి ఇచ్చేశారు, 2020లో అలా సీఈఓ అయిన మైకేల్ ప్యాక్ వచ్చీ రాగానే తన కింద ఉన్న రేడియో ఫ్రీ యూరప్, రేడియో ఫ్రీ ఏషియా హెడ్స్‌ని ఒకే రోజు పీకేశాడు, అక్టోబర్‌లో న్యూస్‌రూమ్‌లో పైవాళ్లు వేలు పెట్టకూడదన్న రూల్ కూడా ఎత్తేశాడు, నవంబర్‌లో కోర్టు అడ్డుపడింది కాబట్టి సరిపోయింది. 2025 మార్చిలో అయితే ఏకంగా వెయ్యి మందికి పైగా వాయిస్ ఆఫ్ అమెరికా స్టాఫ్‌ని లీవ్ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టారు. స్పీడంటే ఇదేనా? నేను రోజూ చూసే బీబీసీ తెలుగు కూడా 2017లో బ్రిటిష్ ప్రభుత్వం బీబీసీ వరల్డ్ సర్వీస్‌కి (బయటి దేశాల కోసం వార్తలిచ్చే విభాగం) ఇచ్చిన డబ్బుతో మొదలైందే. అక్కడ ఏ భాషలో సర్వీస్ పెట్టాలి, ఏది మూయాలి అన్నదాంట్లో విదేశాంగ మంత్రి ఒప్పుకోవాలి (అదీ నాకు పెద్దగా నచ్చదు), కానీ ఏ వార్త వేయాలన్నది మాత్రం ఎడిటర్ల ఇష్టమే, బీబీసీ ఎలా నడవాలో చెప్పే చార్టర్‌లోనే రాసిపెట్టారు.