వేలిముద్ర యంత్రం గారికి, మా అవ్వ తరఫున

మహారాజశ్రీ రేషన్ దుకాణం వేలిముద్ర యంత్రం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మా అవ్వ తప్ప. పెద్దకర్మ అయి పదిహేను రోజులైంది. గారు అన్నానని పొంగిపోకు, అది ఉత్తరానికి ఉండే మర్యాద. ఇక నుంచి నువ్వే.

అవ్వ పోయిందన్న సంగతి నీకు తెలుసు. ఒక్క కాగితం చూపించగానే నమ్మేసి పేరు కొట్టేశావు. నాకు ఆశ్చర్యం వేసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి బతికే ఉందని నమ్మడానికి నెలనెలా పది వేళ్లూ అడిగిన దానివి కదా!

నాతో నీకు ఏ పేచీ లేదు. వేలు పెట్టీ పెట్టకముందే పచ్చదీపం వెలిగిస్తావు. ఎందుకు వెలగదు? కంప్యూటర్ మీటలు, ఫోను అద్దం తప్ప మరో పని ఎరుగని వేలు. గీతలన్నీ కొత్త నోటు మీది అచ్చులా మెరుస్తుంటాయి. అవ్వ వేలి దగ్గరికి వచ్చేసరికే నీకు చూపు మందగించేది.

మాది నెల్లూరు జిల్లా మెట్ట, కలిగిరి వైపు. పొగాకు పండే నేల. ఆకు కోసి, దాన్ని వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర కర్రలకు కట్టే రోజుల్లో అవ్వ వేళ్లకు నల్లటి జిగురు పట్టేది. చింతపండు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదిలేది కాదు. ఆమె కలిపి పెట్టిన ముద్దలో ఆ చేదు మాకూ తగిలేది. పొగాకు లేని కాలంలో రోలు, కలుపు, పేడ, సున్నం. వేలి మీద గీతలంటే చర్మం మీది సన్నని గట్లే. రాపిడికి అరుగుతాయి, వయసు మీదపడి చర్మం ఎండితే ఇంకా చదునైపోతాయి. గట్టుకూ పల్లానికీ తేడా దొరక్కపోతే నువ్వు ఆ మనిషే లేదంటావు. ఆ గట్లు ఎక్కడికి పోయాయో నేను చెబుతాను విను. పులుసులోకి పోయాయి. మామిడికాయ ముక్కలు వేసి రాత్రి దించి, తెల్లవారేదాకా ఎవరినీ ముట్టనివ్వని చేపల పులుసు కోసం యాభై ఏళ్లు చింతపండు పిసికిన చెయ్యి అది. కొంచెం కొంచెంగా మేమే తినేశాం.

నీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి ఇంకొకటుంది. నువ్వు పుట్టకముందే మా అవ్వ వేలిముద్రకు నీళ్లు వదిలేసింది. మన భాషలో వేలిముద్ర మనిషి అంటే చదువు రాని మనిషి అని అర్థం. అప్పు కాగితం ముందు కూర్చోబెట్టి, ఆమె ఎడమ బొటనవేలికి సిరా పూసి, ఎవరో పట్టుకుని నొక్కించేవారట. “నా వేలు నేను నొక్కుకోలేనా?” అని విసుక్కునేదట. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చి రాత్రి బడులు వెలిశాయి. యాభై దాటిన వయసులో అవ్వ పలక పట్టింది. ఆమె పేరులో క కింద ష, దాని కింద మ. మూడంతస్తుల మేడ! లాంతరు వెలుగులో ఆ మేడ కట్టడానికి ఆమెకు నెల పట్టింది. కట్టిన ప్రతిసారీ కింది అంతస్తు పక్కింటి స్థలంలోకి వెళ్లేది.

ఆ బడుల పాఠాల్లో సారా కథ కూడా ఉండేది. 1992లో మా జిల్లాలోనే దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించారని తెలిశాక మా ఊరివాళ్లూ చీపుళ్లు, కారం పొట్లాలు పట్టుకుని కదిలారు. మా ఇంట్లో మొదటి ముద్దాయి తాతే. ఆ రాత్రి ఆయనకు అన్నం లేదు, అరుగు మీదే పడక. (ఆయన వైపు వాదన కూడా ఉంటుందేమో, ఈ ఉత్తరంలో చోటు లేదు.) వేలిముద్రలు మానుకున్న వేళ్లు జిల్లాలో సారా వేలంపాటలను సాగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధమైంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సంతకమే సంతకం. పెళ్లిపత్రికల వెనుక, మందుల చీటీల మీద, ఎక్కడ జాగా కనిపిస్తే అక్కడ. మా ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్న కంటే ముందే పెట్టేసేది. నాకు లెక్కల్లో పన్నెండు మార్కులు వచ్చిన ఏడు అది ఎంతో కలిసివచ్చింది.

2015లో రేషన్ దుకాణాలకు నువ్వొచ్చావు.

“నాకు సంతకం వచ్చు నాయనా, కాగితం ఇవ్వు” అంది అవ్వ.

“సంతకాలు ఇప్పుడు చెల్లవవ్వా, వేలు పెట్టు” అన్నాడు డీలరు.

పెట్టింది. ఎర్రదీపం. కొంగుతో తుడిచి పెట్టింది, నూనె అంటుతుందని జుట్టుకు రాసి పెట్టింది. పది వేళ్లూ అయ్యాక కన్ను చూపించమన్నావు. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను. “పెళ్లిచూపుల్లో మీ తాత కూడా ఇన్ని చూడలేదురా” అంది నాతో. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఆ సాయంత్రం పాత క్యాలెండర్ వెనక తన సంతకం నాలుగుసార్లు పెట్టి చూసుకుంది, అది కూడా అరిగిపోయిందేమో అన్నట్టు.

తర్వాత సంగతులు నీకు తెలిసినవే. వేలు పెడితేనే ఇచ్చే పింఛను రూ.1,000 నుంచి పెరిగి పెరిగి 2024 జూలైకి రూ.4,000 అయింది. నీ అనుమానం మాత్రం రూపాయి తగ్గలేదు.

మొన్న ఇల్లు సర్దుతూ వంటింటి తలుపు వెనుక చూశాం. అక్షరాలు వచ్చాక కూడా పాల లెక్కకు అవ్వ సున్నం బొట్లే పెట్టేది. “పాలవాడికి చదువు రాదు, నా ఒక్కదానికి వస్తే లెక్క ఎలా కుదురుతుంది?” అనేది. ఆకువక్క డబ్బాలోని సున్నం వేలికి రాసుకుని పూటకొకటి నొక్కేది. పొగకు నల్లబడ్డ చెక్క మీద వరసలు వరసలుగా ఉన్నాయి. ఫోను దీపం దగ్గరగా పెట్టి చూశాను. పైవరసలో, పాత బొట్లలో, గీతలున్నాయి. చెరువు నీటి మీద గాలి లేచినట్టు సన్నగా, వంపులు వంపులుగా. మధ్యలో అడ్డంగా కత్తిపీట గాటు.

సంక్రాంతికి తలుపుకు రంగు వేయిస్తానని చిన్నాన్న పట్టుబడుతున్నాడు. ఆయన్ను ఆపడం నా వల్ల అయ్యేలా లేదు. చూడాలనుంటే ఆ లోపే రా. తలుపు లోపలి వైపు, గడియకు కొంచెం పైన.

ఇట్లు,
(సంతకం)
లెక్కల్లో పన్నెండు మార్కుల మనవడు