శ్రీయుత మేనమామ గండం గారికి

అయ్యా,

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి మద్రాసు రాజధానిని వదిలి అటు వెళ్ళింది. కచేరీ కాగితాల భాష మారింది, బడి పలకల మీద అక్షరాలు మారాయి. మీ అధికారం మాత్రం చెక్కుచెదరలేదు. పర్లాకిమిడిలో ఉన్నా పాతపట్నంలో ఉన్నా, తెలుగింటి పసివాడికి పైపన్ను ముందుగా మొలిస్తే చాలు, ఆ బిడ్డ మేనమామ ప్రాణం మీ పద్దులోకి ఎక్కుతుంది.

ఇప్పుడు వంతు నాది. మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదో నెల. కింది చిగురు ఇంకా బోసిగానే ఉంది, పైన మాత్రం బియ్యపుగింజంత పన్ను తొంగి చూసింది. వాడు దానితో నా వేలు కొరికి నవ్వాడు. మా మేనత్త ఏడ్చింది. సాయంత్రానికల్లా శాంతికి ముహూర్తం పెట్టడం, వెండి గిన్నెకు బేరమాడటం, నా జాతకానికి దుమ్ము దులపడం అన్నీ అయిపోయాయి. నా ఆరోగ్యం గురించి ఇంతమంది ఇంత ప్రేమగా విచారించడం ఇదే మొదలు. నాకు మధుమేహమని తెలిసిన రోజు వీళ్ళే నా విస్తరిలో మరో మైసూర్‌పాకు వేశారు.

మీ కక్షంతా మేనమామల మీదే ఎందుకండీ? రోహిణిలో పుడితే మేనమామకు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు. పన్ను పైన మొలిస్తే మేనమామకు. బాబాయిలు, పెదనాన్నలు ఏ పంటికీ జవాబుదారీ కారు. అడిగితే కంసుడి పేరు చెబుతారు. కంసుడికి ఆకాశవాణి చెప్పింది ఎనిమిదో గర్భం గురించి; పైపన్ను ఊసెత్తలేదు. పైగా ఆయన చెల్లెలి బిడ్డలను చంపినవాడు. నేను చెల్లెలి బిడ్డకు ఉగ్గుగిన్నె కొన్నవాణ్ణి. ఇద్దరికీ ఒకటే శిక్ష వేయడం ఏం న్యాయం?

బరంపురంలో పళ్ళ డాక్టరును అడిగాను. పాలపళ్ళు మామూలుగా 6 నుంచి 10 నెలల మధ్య కింద మొదలవుతాయట, పైవి 8 నుంచి 12 నెలల మధ్య వస్తాయట. ఈ రెండు గడువులూ కొంతమేర కలిసే ఉన్నాయి కనుక కొందరు పిల్లల్లో పైది ముందు దూరుతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. అసలు పన్నుతోనే పుట్టే పిల్లలూ ఉన్నారు, రెండు మూడు వేల కాన్పుల్లో ఒకరు. చాలావరకు అవి అదనపు పళ్ళు కావు, తొందరపడిన పాలపళ్ళే. పన్ను కదులుతూ ఉంటే ఊడి గొంతులోకి జారుతుందేమోనని, నాలుక కింద ఒరుసుకుని పుండు పడుతుందేమోనని డాక్టర్లు చూస్తారు. మేనమామ నాడి ఎవరూ పట్టుకోరు.

2014లో ముంబయి జేజే ఆసుపత్రిలో 17 ఏళ్ళ కుర్రాడి దవడలోని గడ్డ నుంచి 232 పళ్ళు తీశారు. ఓడంటోమా అనే ఆ గడ్డలో, పన్నును తయారుచేసే కణజాలమే అదుపు తప్పి చిన్నాపెద్దా పళ్ళను పోగేస్తుంది. మీ లెక్కన ఆ తాలూకాలో మేనమామ అనేవాడు మిగలకూడదు.

విదేశీ సాక్ష్యం కావాలా? ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1638లో రెండు పళ్ళతో పుట్టాడని చెబుతారు. ఆయన మేనమామ స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్. పైగా అప్పటికి ఆ రెండు దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది, అంటే మీకు ఫిరంగుల సాయం కూడా ఉంది. ఏం చేయగలిగారు? ఫిలిప్ ఇంకో 27 ఏళ్ళు బతికాడు. మధ్యలో, 1660లో, తన కూతుర్ని ఆ పళ్ళ మేనల్లుడికే ఇచ్చి పెళ్ళి చేశాడు. అచ్చం మన ఇళ్ళలో లాగే మేనరికం కుదిరింది.

అక్కడితో ఆగినా మీ పరువు కొంత దక్కేది. అదే ఫిలిప్ 1649లో స్వయానా తన చెల్లెలి కూతుర్ని చేసుకున్నాడు. ఆ వంశం అప్పటికే తరాల తరబడి బంధువుల్లోనే సంబంధాలు కలుపుకుంటూ వచ్చింది. ఈ దంపతులకు పుట్టిన రెండో కార్లోస్‌కు కింది దవడ ఎంతగా ముందుకు పొడుచుకొచ్చిందంటే, పై పళ్ళూ కింది పళ్ళూ కలిసేవి కావు, తిండి నమలలేకపోయేవాడు. అన్నాచెల్లెళ్ళకు బిడ్డ పుడితే ఉండేంత రక్తసామ్యం ఆయనలో ఉందని 2009లో జన్యుశాస్త్రవేత్తలు వంశవృక్షం లెక్కగట్టి తేల్చారు. సంతానం లేకుండా ఆయన 1700లో పోయాక స్పెయిన్‌లో ఆ వంశపాలనే ముగిసింది. చూశారా, గండం పంటి నుంచి మేనమామకు పోలేదు. మేనమామ నుంచే పంటికి వచ్చింది.

ఇందులో మాయేమీ లేదు. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన లోపమున్న జన్యువు మేనమామలోనూ మేనకోడలిలోనూ చప్పుడు చేయకుండా దాగి ఉండవచ్చు. ఇద్దరి నుంచీ అందుకున్న బిడ్డలో అది బయటపడుతుంది. పంటి మీది ఎనామిల్ సరిగా ఏర్పడక పళ్ళు గోధుమరంగులో, గరుకుగా మొలిచే జబ్బులో కొన్ని రకాలు ఇలా వచ్చేవే. అరచేతులూ అరికాళ్ళూ మందంగా పొలుసులు కట్టి, పాలపళ్ళు నాలుగైదేళ్ళకే ఊడి, వాటి తరువాతవీ పదిహేను పదహారేళ్ళకల్లా రాలిపోయే పాపియాన్ లెఫెవ్ర్ వ్యాధీ అంతే. ఇవి అరుదైనవే, మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ రావు. కానీ పైపన్నుకు చచ్చిన మేనమామలు అంతకంటే అరుదు కదా!

మేనమామకూ మేనల్లుడికీ పళ్ళ చుట్టరికం నిజంగా ఉన్న సందర్భమూ ఒకటి ఉంది. సింధు ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబం గురించి డార్విన్ 1875లో రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు రెండు దవడలూ కలిపి పన్నెండే పళ్ళు, చిన్న వయసులోనే బట్టతల, ఎండాకాలమంతా పొడిబారిన చర్మంతో అవస్థ. కూతుళ్ళకు ఏ లోపమూ కనబడదు, వాళ్ళ కొడుకులకు వస్తుంది. అంటే మేనమామ నోరు చూసి మేనల్లుడి నోటి గురించి జాగ్రత్త పడవచ్చు. మీ శాఖకు సరిగ్గా సరిపోయే ఆ ఒక్క పనినీ మీరు వదిలేశారు.

మా ఒడిశాలోనే ఉత్తరాన, మయూర్‌భంజ్ వైపు, కొన్ని ఆదివాసీ కుటుంబాల్లో పైపన్ను ముందొచ్చిన బిడ్డకు కుక్కతో పెళ్ళి చేస్తారు. ఆ పద్ధతి నయమని అనను గానీ, అందులో మేనమామను లాగినట్టు నేను వినలేదు.

ఇంతకూ మా ఇంటి సభకు అధ్యక్షురాలైన మేనత్త గురించి చెప్పాలి. ఆమెది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. అంగిలి తెల్లబడి, దాని మీద ఎర్రటి చుక్కలు తేలాయి. ఈ అలవాటు అంగిలి క్యాన్సరు తెస్తుందని శ్రీకాకుళం పల్లెల్లో డాక్టర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఆమెకు గండం లేదట. పసివాడి పంటి వల్ల నాకు ఉందట!

ఆ సభ ఇంకో తీర్మానం కూడా చేసింది. నా శాంతికి ముహూర్తం పెట్టిన పెద్దలే, నోట్లో తాంబూలం నమలడమైనా పూర్తికాకముందే, మా పెద్దక్క కూతుర్ని మా తమ్ముడికి చేసుకుంటే ఆస్తి బయటికి పోదని నిశ్చయించారు. ఎదురింటి ఒడియా ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. వాళ్ళ ఇళ్ళలో మేనమామతో పెళ్ళి మాటే రాదు. మీరు మాత్రం నా నెత్తి మీదే కూర్చుని ఉండి కూడా నోరు మెదపలేదు.

కాబట్టి నా విన్నపం వినండి. నన్ను వదిలి మా తమ్ముడి జాతకంలోకి మారండి. అక్క కూతురి సంబంధమని ఎవరు ఎత్తినా పంచాంగంలోంచి లేచి అడ్డుపడండి. డాక్టరు చెబితే మా వాళ్ళు వినరు, మీరు చెబితే వింటారు. ఆ తరువాత మీరు కోరిన శాంతి ఏదైనా సరే, ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ కక్షిదారు,
పర్లాకిమిడి