మోసే దేవుడా, మోయించుకునే దేవుడా?

విగ్రహారాధన గురించి మన ప్రసంగాలు చాలావరకు ఒక్క మాటతో ముగిసిపోతాయి: చెక్కకు, రాయికి ప్రాణం లేదు కదా అని. మాట నిజమే. కానీ ప్రాచీనులకు ఆ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. మెసొపొటేమియాలో కొత్త ప్రతిమకు 'నోరు కడిగే' క్రతువు జరిపేవారు. అందులో శిల్పుల చేతులకు గుడ్డ కట్టి, చెక్క కత్తితో వాటిని నరికినట్టు చేసేవారు. "దీన్ని నేను చేయలేదు, దేవుడే చేశాడు" అని శిల్పి ఒట్టు పెట్టాలి. అంటే, చేసిన చేతుల్ని దాచేస్తే తప్ప ప్రతిమ దేవుడు కాలేదు.

బైబిల్లోని యెషయా ప్రవక్త గ్రంథం 44వ అధ్యాయం సరిగ్గా ఆ చేతుల్నే పట్టుకుంటుంది. కమ్మరి నిప్పుల దగ్గర పనిచేసి ఆకలితో నీరసించిపోతాడు. వడ్రంగి నూలు వేసి గీత గీస్తాడు, చిత్రిక పడతాడు. ఒకే మానులో కొంత చలి కాచుకోవడానికి, కొంత రొట్టె కాల్చుకోవడానికి పోతుంది, మిగిలింది దేవుడవుతుంది. ఇది ఎగతాళి కోసం చెప్పిన మాట మాత్రమే కాదు. ఏ ముక్క పొయ్యిలోకి, ఏ ముక్క పీఠం మీదికి అన్నది తేల్చింది ఎవరు? ఆ మనిషే. తాను ఎంచుకున్న ముక్క తనను ఎలా ఎంచుకుంటుంది, తనను ఎలా మందలిస్తుంది?

బైబిల్లోనే న్యాయాధిపతుల గ్రంథంలో మీకా అనే మనిషి కథ దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. తల్లి దగ్గర కాజేసిన 1,100 వెండి రూకలను మీకా తిరిగి ఇచ్చేస్తాడు. ఆమె ఆ వెండిని యెహోవాకు ప్రతిష్ఠించి, కంసాలికి మాత్రం 200 ఇచ్చి ప్రతిమ చేయిస్తుంది. ఏటా 10 రూకలు, బట్టలు, భోజనం జీతంగా ఒక లేవీయుడు, అంటే దేవుడి సేవకు ఏర్పరచిన గోత్రంవాడు, మీకా ఇంట్లో యాజకుడిగా (పూజారిగా) కుదురుతాడు. ఇక యెహోవా నాకు మేలు చేస్తాడని మీకా ధీమా. తీరా ఇశ్రాయేలీయుల్లోనే దాను గోత్రానికి చెందిన 600 మంది ఆయుధాలతో వచ్చి ప్రతిమను ఎత్తుకుపోతారు. యాజకుడు కూడా అంతకంటే మంచి కొలువు దొరికిందని సంతోషంగా వాళ్ల వెంట వెళ్తాడు. మీకా వెంటబడి, నేను చేయించుకున్న దేవతలను పట్టుకుపోయారు, ఇక నాకేం మిగిలిందని మొరపెట్టుకుంటాడు. ఈ గ్రంథమంతటిలో ఇంత జాలి కలిగించే మాట నాకు కనిపించదు. కాపాడాల్సిన దేవుణ్ణి కాపాడుకోలేక ఏడుస్తున్న మనిషి అతను.

యెషయా 46లోనూ ఇదే తూకం. బబులోను దేవతలైన బేలు, నెబోల విగ్రహాలు అలసిన పశువుల మీద బరువై కూర్చుంటాయి. యెహోవా మాత్రం, తల్లి గర్భం నుంచి తల నెరిసేదాకా మిమ్మల్ని ఎత్తుకునేది నేనే అంటాడు. విగ్రహం శూన్యం అనడంలో అసలు విషయం ఇదే: అది మోయదు, మోయించుకుంటుంది.

ఈ కొలతతో ముందు మన ఇంటినే కొలుచుకోవాలి, ఇతరుల గుమ్మం ముందు నిలబడి కేకలు వేయడానికి కాదు. మోషే అన్న అహరోను జనం కోసం బంగారు దూడను పోతపోయించి, రేపు యెహోవాకు పండుగ అని చాటించాడు. పేరు సరైనదే, దేవుడే మారిపోయాడు. ధనాపేక్ష విగ్రహారాధనేనని అపొస్తలుడైన పౌలు కొలొస్సయి పట్టణంలోని క్రైస్తవులకు రాశాడు. అది ప్రతిమలు లేని ఇళ్లకు రాసిన మాట. జవాబు చెప్పని, ఎదురు చెప్పని, మన పథకాలకు ఆమేన్ మాత్రమే పలికే దేవుడు ప్రార్థనలోనూ తయారవుతాడు.

దేవుడు ఇచ్చినదే విగ్రహంగా మారితే గుర్తుపట్టడం మరీ కష్టం. అరణ్యంలో ఇత్తడి సర్పాన్ని మోషే చేసింది దేవుడి ఆజ్ఞతోనే. పాము కాటు తిన్నవారు దాన్ని చూసి బతికారు. వందల ఏళ్ల తర్వాత హిజ్కియా యూదా దేశానికి రాజయ్యేనాటికి జనం దానికి ధూపం వేస్తున్నారు. మోషే చేతి పని, ప్రాణాలు నిలిపిన గుర్తు. అయినా హిజ్కియా దాన్ని ముక్కలు చేయించి, 'నెహుష్టాను' అన్నాడు. వట్టి ఇత్తడి ముక్క అని.