పాచిక వేయకముందే మాట్లాడుకోవాలె

సంక్రాంతికి హన్మకొండలో మన ప్రవాసుల సంఘం పెట్టిన కలయిక ఫోటోలు ఈపాటికి అందరూ చూసే ఉంటారు. ముగ్గుల పోటీ, సకినాలు, పెద్దల సన్మానం, శాలువాలు. ఆ ఫోటోల్లోకి రానిది ఫంక్షన్ హాల్ పై అంతస్తులో పిల్లలకు వేసిన ఆటల బల్ల. అక్కడ జరిగినదాన్ని కమిటీ వాట్సాప్‌లో 'పిల్లల లొల్లి' అని రెండు ముక్కల్లో తేల్చేశారు. లొల్లి చేసింది మాత్రం పెద్దలు.

బల్ల మీద ఉన్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథను నడిపించే ఆట. 1974లో మొదలైంది, విదేశాల్లో మన ఇళ్ల బేస్‌మెంట్లలో శనివారం రాత్రుళ్లు నడిచేదే. ఆట నడిపించి తీర్పులు చెప్పే డంజన్ మాస్టర్‌గా, అంటే డీఎంగా, కూర్చున్నది అక్కడి నుంచి మనతో వచ్చిన పిల్లాడు. ఆడుతున్న నలుగురిలో ముగ్గురు హన్మకొండ, కాజీపేట పిల్లలు. మ్యాప్ వాళ్లే గీసుకొచ్చారు. చార్టు మీద అంగుళం గళ్లు, గడికి ఐదడుగుల లెక్క, మధ్యలో ఓరుగల్లు రాతికోట గుమ్మం. ఆ కోట గుమ్మాలు చూసినవాళ్లకు తెలుసు, నేరుగా లోపలికి పోనియ్యవు. ఒక ఆవరణలోకి రప్పించి, అక్కడ మలుపు తిప్పి, అప్పుడు లోపలికి వదులుతాయి. దొంగల గుంపును ఆ మలుపులో అటకాయించాలన్నది పిల్లల ఎత్తు. ఇంతకన్నా మంచి యుద్ధభూమిని డబ్బు పెట్టి కొన్న అడ్వెంచర్ పుస్తకాల్లో కూడా అరుదుగా చూస్తాం.

గొడవ ఇక్కడ వచ్చింది. ఐదో లెవెల్ రోగ్, అంటే చాటుగా పొడిచే పాత్ర, ఆడుతున్న అమ్మాయి తన టర్న్‌లో (వంతులో) దొంగల నాయకుణ్ని పొడిచింది. జట్టులోని ఫైటర్ (యోధుడి పాత్ర) ఆ నాయకుడి పక్క గడిలోనే ఉన్నాడు కాబట్టి స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ కింద మూడు డీ6లు, అంటే ఆరు ముఖాల పాచికలు, కలిపింది. నాయకుడికి ఇంకా 14 హిట్ పాయింట్లు మిగిలాయి, అవి అయిపోతే కూలినట్టే. తర్వాత వాడి టర్న్. దెబ్బ పడకుండా తప్పుకునే డిసెంగేజ్ తీసుకోకుండానే మలుపు వైపు ఉరికాడు. ఇతరుల టర్న్‌లో చేయగలిగే రియాక్షన్‌తో అమ్మాయి ఆపర్చ్యూనిటీ అటాక్, అంటే పారిపోయేవాడి మీద దెబ్బ, వేసింది, తగిలింది. మళ్లీ మూడు డీ6లు చేతిలోకి తీసుకుంది.

"స్నీక్ అటాక్ రౌండ్‌కు ఒక్కసారే" అన్నాడు డీఎం.

"రౌండ్‌కు కాదన్నా, టర్న్‌కు. ఇప్పుడు నడుస్తున్నది నా టర్న్ కాదు, వాడిది" అని ఆ అమ్మాయి బ్యాగులోంచి స్టేపుల్ కొట్టిన కాగితాలు తీసింది.

లెక్క చూడండి. ఆమె రేపియర్ కత్తి దెబ్బ ఒక డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) ప్లస్ 4. ఎంత బాగా పడ్డా 12 దాటదు, 14 ఉన్నవాడు బతికిపోతాడు. స్నీక్ అటాక్ కలిస్తే సగటున 19, వాడు అక్కడే కూలే అవకాశమే ఎక్కువ. అంటే ఆ ఒక్క మాట మీదనే పొద్దటి నుంచి ఆడిన ఆటంతా నిలబడి ఉంది. అప్పుడే పైకి వచ్చిన మన కమిటీ పెద్దమనిషి ఒకాయన బల్ల దగ్గర ఆగి, "లొల్లి పెట్టొద్దు బిడ్డా. వాళ్లు పుస్తకాలు కొని ఆడుతరు, వాళ్లకు తెలుస్తది. నువ్వు జిరాక్స్ కాగితాలు పట్టుకొచ్చి చెప్తె ఎట్ల?" అన్నారు. ఆయన మంచికే అన్నారు, ఆట ముందుకు సాగాలనే అన్నారు. అమ్మాయి కాగితాలు మడిచి లోపల పెట్టుకుంది. నాయకుడు తప్పించుకున్నాడు.

ఆ అమ్మాయి చెప్పిందే రూలు. స్నీక్ అటాక్ టర్న్‌కు ఒకసారి అనే రాసి ఉంది, 2014 పుస్తకంలోనూ అంతే, 2024లో వచ్చిన కొత్తదానిలోనూ అంతే. రౌండ్ అంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి టర్న్‌లు కలిపి ఆరు సెకన్లు. అందులో శత్రువు టర్న్ వేరు, ఆమె టర్న్ వేరు. మరి నాయకుడు కదిలాక పక్కన ఫైటర్ ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే. ఆపర్చ్యూనిటీ అటాక్ శత్రువు చేతికందే దూరం దాటబోయే క్షణంలో పడుతుంది, దాటాక కాదు. కాబట్టి దెబ్బ తగిలే వేళకు వాడు ఇంకా పాత గడిలోనే, ఫైటర్ పక్కనే ఉన్నాడు. రియాక్షన్ మాత్రం రౌండ్‌కు ఒక్కటే, మళ్లీ తన టర్న్ మొదలయ్యాకే తిరిగొస్తుంది. డీఎంకు 'రౌండ్' అన్న మాట బహుశా అక్కడి నుంచే అంటుకుని ఉంటుంది.

అక్షరం పట్టుకుని చదవడం ఎప్పుడూ ఆటగాడికే లాభం అనుకోకండి. అదే ఫైటర్ ఐదో లెవెల్‌లో ఎక్స్‌ట్రా అటాక్ సంపాదిస్తాడు. అక్కడ రాసింది 'నీ టర్న్‌లో' అటాక్ యాక్షన్ తీసుకుంటే రెండు దెబ్బలని. అందుకే వాడు ఫలానాది జరిగితే కొడతానని ముందే చెప్పి ఆగే రెడీ యాక్షన్ పెట్టుకుని శత్రువు టర్న్‌లో కొడితే ఒక్క దెబ్బే. ఒకచోట 'టర్న్‌కు', ఇంకోచోట 'నీ టర్న్‌లో'. రోగ్‌కు ఇచ్చిందీ ఫైటర్ దగ్గర లాక్కున్నదీ ఒకే రకం చదువు.

జిరాక్స్ కాగితాల మాట కూడా తేల్చుకుందాం. అవి దొంగ కాపీలు కావు. 2023 జనవరిలో 2014 నాటి ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని, ఎస్‌ఆర్‌డీ 5.1ని, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలారు. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. రోగ్, ఆపర్చ్యూనిటీ అటాక్, రెడీ, చాటు, అన్నీ అందులో ఉన్నాయి. బొమ్మలు, పుస్తకాల్లోని మరికొన్ని సంగతులు మాత్రం లేవు.

డీఎం పిల్లాడి వైపు నుంచి కూడా చూడాలి. ఆ పూట పేచీలు మూడు వచ్చాయి, అతను చదవడంలో పొరబడ్డది ఈ ఒక్కటే. మొదటి పేచీ అటకాయింపు దగ్గర. ఆటగాళ్ల జట్టు గోడ వెనక నక్కి కూర్చుంది, దొంగలకు తెలియదు. హన్మకొండ పిల్లల కాగితాల ప్రకారం, అంటే 2014 నాటి రూలు ప్రకారం, ఉలిక్కిపడ్డవాళ్లు మొదటి టర్న్‌లో కదలకూడదు, కొట్టకూడదు, ఆ టర్న్ అయ్యేదాకా రియాక్షన్ కూడా లేదు. డీఎం దగ్గరున్నది 2024 పుస్తకం. దాని ప్రకారం వాళ్లు ఎవరి టర్న్ ముందో తేల్చే ఇనీషియేటివ్‌ను డిసడ్వాంటేజ్‌తో వేస్తారు, రెండు డీ20లు వేసి తక్కువది తీసుకుంటారు. సగటు 10.5 నుంచి 7 దగ్గరికి దిగుతుంది, కానీ టర్న్ మాత్రం పోదు. ఒకరి పుస్తకంలో పోరు సగం గెలిచినట్టే, ఇంకొకరి పుస్తకంలో కొద్దిపాటి మొగ్గు. ఇద్దరిదీ ఒప్పే. ఏ పుస్తకం ఆడుతున్నామో పొద్దున్నే అనుకుని ఉంటే ఆ పేచీయే లేదు.

రెండోది నిజంగా చిక్కుముడి. ఫైటర్ తన టర్న్‌లో "ఎవడైనా గుమ్మంలోంచి వస్తే కొడతా" అని రెడీ పెట్టుకున్నాడు. 2014 రూలు ప్రకారం ట్రిగ్గర్, అంటే చెప్పిన ఆ సందర్భం, పూర్తయిన వెంటనే దెబ్బ. మరి పూర్తవడం అంటే ఏమిటి? దొంగ మలుపులో కాలు పెట్టడమా, తన ముప్పై అడుగుల నడకంతా ముగించడమా? నడకంతా అయ్యేదాకా ఆగితే వాడు ఫైటర్‌ను దాటేసి లోపల ఉంటాడు, కత్తికి అందడు. పుస్తకం ఇక్కడ గట్టిగా ఏమీ చెప్పదు. నా మటుకు నేను ఆటగాడు చెప్పిన మాటకే కట్టుబడతాను. అందుకే ట్రిగ్గర్ సన్నగా చెప్పాలి, చార్టు మీద వేలు పెట్టి: "ఈ మూల గడిలో అడుగు పెట్టగానే". అప్పుడు నడక మధ్యలోనే దెబ్బ పడుతుంది, బతికుంటే వాడు మిగతా నడక సాగిస్తాడు. మంత్రం రెడీ పెట్టేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మంత్రానికి పెట్టే స్లాట్ అప్పుడే ఖర్చవుతుంది, కాన్సన్‌ట్రేషన్ (ఏకాగ్రత) పట్టి ఉంచాలి, దొంగ రాకపోతే మంత్రం గాలికే.

మలుపు దగ్గర ఇంకో రెండు సంగతులు. గోడ మూలను ఐమూలగా కోసుకుని నడవకూడదు, తిరిగే పోవాలి. విల్లు వేసేవాడికి చాటు లెక్క 2014 డీఎం గైడ్‌లో ఉంది: తన గడిలో ఏదో ఒక మూల ఎంచుకుని, అక్కడి నుంచి ఎదుటివాడి గడి నాలుగు మూలలకూ గీతలు ఊహించుకోవాలి. ఒకటి రెండు గీతలు గోడకు తగిలితే సగం చాటు, ఎదుటివాణ్ని కొట్టడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్‌కు ప్లస్ 2. మూడు నాలుగు తగిలి, ఇంకా బాణం పోయే సందుంటే ముప్పావు చాటు, ప్లస్ 5. ఈ గీతల లెక్క ఉచిత పత్రంలో లేదు. కాబట్టి డీఎం నోరు విప్పి ముందే చెప్పాలి.

ఊరి పిల్లల తీరులో తప్పు లేదని అనను. ఎదురు తీర్పు వస్తే "తొండి, తొండి" అని అరుస్తారు, రెండు టర్న్‌లు గడిచిపోయాక వెనక్కి పోదామంటారు. ఆరు సెకన్ల రౌండ్ మీద ఇరవై నిమిషాల పంచాయితీ. కానీ మన ఇళ్లలో అష్టాచెమ్మ ఆడిన తీరు గుర్తు చేసుకోండి. నాలుగు చింతగింజలు అరుగు మీద పడకముందే అమ్మమ్మలు మాట ఖాయం చేసేవాళ్లు: ఒక్కసారైనా ఎదుటి కాయను చంపనిదే లోపలి గళ్లలోకి పోవద్దు, చెమ్మ పడ్డా అష్ట పడ్డా ఇంకోసారి వేయాలె, గింజ అరుగు కిందికి దొర్లితే ఆ పందెం చెల్లదు. వాడకు వాడకు పద్ధతి మారేది. కొత్తగా వచ్చినామె "మా ఊర్లో ఇట్ల కాదు" అంటే విని, ఎవరి అరుగు మీద ఆడుతున్నారో వాళ్ల మాట నడిపించేవాళ్లు. ఒకసారి ఒప్పుకున్నాక ఆట మధ్యలో ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు, ఏ పెద్దాయనా వచ్చి ఆమె పట్నం నుంచి వచ్చింది, ఆమెకు తెలుసు అనేవాడు కాదు.

మనవాళ్లు ఆ పద్ధతిని సకినాల దగ్గర ఇప్పటికీ పాటిస్తున్నారు. కింది అంతస్తులో పిండి చుట్టడం రాక మన అక్కలు, చెల్లెళ్లు హన్మకొండ పెద్దమ్మల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పై అంతస్తులో ఇంగ్లిష్ పుస్తకం కనబడగానే తెలివి మన వైపే ఉంటుందని ఎవరూ అడగకుండానే ఒప్పేసుకున్నాం.

వచ్చే జనవరికి కమిటీని అడుగుతున్నది ఇదే. డీఎంను ఎంచేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చాడని చూడొద్దు, ఆడేవాళ్లనే తేల్చుకోనివ్వండి. బల్ల మీద తెలుగులో ఒక్క పేజీ పెట్టించండి. ఏ సంవత్సరం పుస్తకం, ఉలిక్కిపడితే ఏమిటి, రెడీ ట్రిగ్గర్ ఎంత సన్నగా చెప్పాలి, చాటు ఎలా కొలవాలి, ఇవి చాలు. పేచీ వస్తే కాగితం చూడటానికి రెండు నిమిషాలు. దొరకకపోతే డీఎం తీర్పు ఆ పూటకు ఖాయం, దొంగలకూ ఆటగాళ్లకూ అదే, అంచున రాసిపెట్టుకుని ఆట అయ్యాక మాట్లాడుకోవాలి. గడిచిన టర్న్‌ను వెనక్కి తిప్పొద్దు. పెద్దలు ఎవరైనా పైకి వస్తే కూర్చుని చూడండి, తీర్పులు ఇవ్వొద్దు. తెలుగు చేయడానికి హన్మకొండ పిల్లలే ముందుకొస్తారు, మనం అచ్చు ఖర్చు పెట్టుకుంటే చాలు. లైసెన్స్ దానికి ఒప్పుకుంటుంది, పత్రం ఎవరిదో కింద ఒక వాక్యం వేయడం మాత్రం మరచిపోవద్దు.