మీటరు చక్రం గారికి

మహారాజశ్రీ కరెంటు మీటరు చక్రం గారికి,

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ మేం క్షేమమే గానీ, తమరిని గోడ మీంచి ఊడబెరికి గోనెసంచిలో వేసుకుపోవడం కళ్లారా చూశాను.

మా నాన్న చెప్పులు విప్పకముందే వరండాలో మెడెత్తి తమరి దర్శనం చేసుకునేవాడు. "గిర్రున తిరుగుతోంది, ఏం పెట్టార్రా?" అని ఒక్క కేక. తమరి పలక మీద యూనిటుకి 600 చుట్లని రాసి ఉండేది. వంద వాట్ల బల్బొక్కటే వెలిగితే నిమిషానికో చుట్టు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే ఆరు సెకన్లకొకటి. అంచున నల్లమచ్చ కనబడ్డప్పుడల్లా నాన్న ఒక వేలు మడిచేవాడు. అక్క పావుగంట ఇస్త్రీ చేస్తే నూటయాభై చుట్లు, పావు యూనిట్టు. పెళ్లిచూపుల రోజున కూడా మడిచాడు.

తమరు సత్యహరిశ్చంద్రులేం కాదు. బుడాపెస్టులో ఓటో బ్లాతీ 1889లో పేటెంటు పుచ్చుకున్న వంశం తమరిది. ఇంట్లో ఏమీ వాడకపోయినా మెల్లగా పాకే దురలవాటు మీ వంశంలోనే ఉంది. అది మాన్పడానికే తమరి వంటికి ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టారు. బ్రేకు వేసే అయస్కాంతం ముసలిదై బలం తగ్గితే తమరికి పరుగెక్కువయ్యేది. పక్కింటాయన అద్దం సందులోంచి ఫిల్ము ముక్క దూర్చిన వేసవిలో మాత్రం, ఆయన ఏసీ హోరెత్తుతున్నా తమరి సోదరులు తపస్సులో ఉన్నారు.

అయినా తమరు లెక్కపెట్టడం మా కళ్ల ముందు జరిగేది. తమరి స్థానంలో వచ్చినాయన తిరగడు, ఎర్రగా మిణుకుమంటాడు. యూనిటుకి 3200 మిణుకులు. గీజరు వేస్తే సెకనుకి దాదాపు రెండు. నాన్న నలభై దాకా లెక్కపెట్టి, కళ్లు నులుముకుంటూ లోపలికొచ్చేశాడు. ఆ తర్వాత వరండాలో ఆగడం మానేశాడు.

అసలు సంగతి. ఊడదీసేటప్పుడు తమరి అంకెలు 48213 దగ్గర ఆగాయి, నేను ఫోటో తీశాను. ఆఖరి బిల్లులో 48231 అని ఉంది. తేడా 18 యూనిట్లు, అంటే 10,800 చుట్లు. అవి గోనెసంచిలో తిరిగారో, స్టోర్‌రూమ్‌లో తిరిగారో తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన. నాన్న వేళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

ఇట్లు,
తమరి పాత వినియోగదారు